కాకినాడ గ్రీన్ అమ్మోనియా: కార్బన్ నిజంగా తగ్గుతుందా? మన కాలువ నీళ్ల సంగతేంటి?

కరప_రైతు
అందరికీ నమస్కారమండి. మాది తూర్పు డెల్టా శివారు. దాళ్వా (రెండో పంట వరి) వేశామంటే సీలేరు నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ధవళేశ్వరం దగ్గర మట్టం ఎంతుంది, వంతులవారీ ఎప్పటినుంచి పెడతారు అన్న టెన్షన్‌తోనే మార్చి నెలంతా గడిచిపోతుంది. ఇప్పుడు కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా అంటున్నారు. ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి చేస్తారట. సంతోషమే. సముద్రం ఊళ్లను ఎలా కోసుకుపోతోందో ఉప్పాడ రోడ్డు మీద వెళ్లే ప్రతివాడికీ తెలుసు, మా బోర్లలోకి ఉప్పు ఎక్కడిదాకా వచ్చిందో మాకు తెలుసు. కార్బన్ తగ్గాలని మాకన్నా ఎక్కువ ఎవరు కోరుకుంటారు?

అడగాల్సినవి రెండే. దీనివల్ల పొగ ఎంత తగ్గుతుంది? ఆ నీళ్లు మా కాలువలోంచేనా? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దండి.

రిఫార్మర్_షిఫ్ట్
ఎరువుల ఫ్యాక్టరీలో అమ్మోనియా సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

అమ్మోనియాలో ఉండేవి నైట్రోజన్, హైడ్రోజన్. నైట్రోజన్ గాలిలోంచి వస్తుంది, దానితో పెద్ద పేచీ లేదు. పొగంతా హైడ్రోజన్ దగ్గరే. ఇన్నాళ్లూ సహజవాయువును ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకం నింపిన గొట్టాల్లోంచి పంపి హైడ్రోజన్ తీస్తున్నాం. ఆ కొలిమినే రిఫార్మర్ అంటాం. దాని గోడకు చిన్న కిటికీలుంటాయి. నల్లద్దం పెట్టుకుని చూస్తే వరసగా వేలాడే గొట్టాలు ఎర్రగా కాగుతూ కనిపిస్తాయి. ఏ గొట్టం మీదైనా పక్కవాటికన్నా తెల్లగా మచ్చ మెరిసిందంటే లోపల ఉత్ప్రేరకం దెబ్బతిందని గుర్తు. వెంటనే ఆ వరస బర్నర్లు తగ్గించాలి, లేకపోతే గొట్టం పగులుతుంది. షిఫ్టు షిఫ్టుకీ ఆ కిటికీల దగ్గరికి వెళ్లి చూసి రావడం మా పని.

ఆ గొట్టాల లోపల గ్యాస్ విడిపోయినప్పుడు ఒకసారి, బయట వాటిని కాచడానికి గ్యాస్ మండినప్పుడు ఇంకోసారి కార్బన్ బయటికొస్తుంది. రెండూ కలిపి టన్ను అమ్మోనియాకు సుమారు 1.8 నుంచి 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్. హైడ్రోజన్ నీటిలోంచి తీస్తే రిఫార్మరే ఉండదు. 10 లక్షల టన్నులకు ఏడాదికి 18, 20 లక్షల టన్నుల దాకా తప్పుతుంది. అయితే కరెంటు నిజంగా ఎండదీ గాలిదీ అయితేనే. ఆ సంగతి కరెంటువాళ్లు చెప్పాలి.

ఒక మెలిక కూడా ఉంది. యూరియా చేయాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి. టన్ను యూరియాకు 0.58 టన్నుల అమ్మోనియా, 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్. పాత పద్ధతిలో రిఫార్మర్ నుంచి వచ్చిందే పట్టి వాడతాం. పొలంలో చల్లాక అదంతా మళ్లీ గాలిలోకే పోతుంది. గ్రీన్ ప్లాంటులో ఆ వాయువే పుట్టదు, కాబట్టి అక్కడినుంచి నేరుగా యూరియా రాదు. డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులకు మాత్రం చక్కగా సరిపోతుంది. కాకినాడలో డీఏపీ చేసేవాళ్లు ఓడల్లో దిగే అమ్మోనియానే వాడుతున్నారు. దాని బదులు ఇక్కడిది వాడితే అంతకన్నా కావాల్సిందేముంది?

కరప_రైతు
ధన్యవాదాలు గురువుగారు. యూరియా విషయం ఎవరూ చెప్పలేదండి. మా ఊళ్లో అందరూ ఇక యూరియా కొరత ఉండదనే అనుకుంటున్నారు.

లాకు_గట్టు
ఇరిగేషన్‌లో పనిచేశాను. నీళ్ల లెక్క ఇది.

కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారం 9 లీటర్ల నీళ్లు. టన్ను అమ్మోనియాలో సుమారు 176 కిలోల హైడ్రోజన్ ఉంటుంది. 10 లక్షల టన్నులకు దాదాపు 16 లక్షల ఘనపు మీటర్లు. మన డెల్టాలో వరికి పంటకాలం మొత్తం మీద 1.2 మీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరాకు సుమారు 4,850 ఘనపు మీటర్లు. అంటే ఆ ఫ్యాక్టరీ తాగేది 330 ఎకరాల వరి తాగే నీళ్లు. శుద్ధి చేసేటప్పుడు పోయేదీ, చల్లబరచడానికి ఆవిరయ్యేదీ కలిపి నాలుగు రెట్లు వేసుకున్నా 1,300 ఎకరాలు. గోదావరి డెల్టా ఆయకట్టు 10 లక్షల ఎకరాలు దాటి ఉంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఇది పెద్ద అంకె కాదు.

కానీ రైతుకు కావాల్సింది ఏడాది లెక్క కాదు, మార్చి ఆఖరి లెక్క. కరప, కాజులూరు, తాళ్లరేవు శివారులో వెన్ను తీసే సమయానికి ఒక తడి తగ్గితే గింజ తాలవుతుంది. ఫ్యాక్టరీకి వంతులుండవు, రోజూ ఒకే నీరు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు వాళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు? అడగాల్సింది అది.

సబ్‌స్టేషన్_డ్యూటీ
నేను ట్రాన్స్‌మిషన్‌లో ఉన్నాను. నీళ్లకన్నా ముందు కరెంటు చూడాలి, ఎందుకంటే అసలు బరువంతా అక్కడే ఉంది.

కిలో హైడ్రోజన్‌కు సుమారు 50 నుంచి 55 యూనిట్లు. గాలి వేరుచేయడం, కంప్రెసర్లు కలిపి టన్ను అమ్మోనియాకు దగ్గర దగ్గర 10,000 యూనిట్లు. 10 లక్షల టన్నులకు ఏటా 1,000 కోట్ల యూనిట్లు. యూనిట్ 3 రూపాయలకు దొరికినా కిలో అమ్మోనియాలో 30 రూపాయలు కరెంటుకే పోతాయి. 2025 జులైలో కేంద్ర సంస్థ సెకీ పెట్టిన వేలంలో ఎరువుల ఫ్యాక్టరీకి గ్రీన్ అమ్మోనియా ఇవ్వడానికి వచ్చిన మొదటి రేటు కిలో 55.75 రూపాయలు. సగానికి పైగా కరెంటు బిల్లేనన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. మన దేశం గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఉంది. ఆ కరెంటుతోనే నీటిని విడగొడితే కిలో హైడ్రోజన్‌కు 36, 37 కిలోల పొగ. గ్యాస్ నుంచి తీస్తే 9, 10 కిలోలే. ఎండ తగ్గిన సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఎలక్ట్రోలైజర్ (నీటిని విడగొట్టే యంత్రం) గ్రిడ్ మీద నడిస్తే, గ్రీన్ అని పేరు పెట్టుకుని గ్యాస్ ప్లాంటుకన్నా మూడింతలకు పైగా పొగ పెట్టినట్టే.

మన ప్రభుత్వం 2023 ఆగస్టులో ఇచ్చిన ప్రమాణం ప్రకారం కిలో హైడ్రోజన్‌కు 2 కిలోలు దాటకూడదు, కానీ దాన్ని 12 నెలల సగటు మీద చూస్తారు. యూరప్‌వాళ్లు 2030 నుంచి గంట గంటకీ లెక్క అడుగుతారు: ఈ గంటలో వాడిన కరెంటు ఈ గంటలోనే ఎండ నుంచో గాలి నుంచో పుట్టిందా అని. నా మటుకు నాకు గంట లెక్కే న్యాయం అనిపిస్తుంది.

రిఫార్మర్_షిఫ్ట్
సబ్‌స్టేషన్ తమ్ముడూ, నువ్వన్నది నిజం. దీనికి ప్లాంటు వైపునుంచి ఒక చిక్కు కలుపుతాను. నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసే కన్వర్టర్ 400 డిగ్రీలకు పైగా వేడి మీద, 150, 200 బార్ ఒత్తిడి మీద నడుస్తుంది. పొద్దున్నే వెలిగించి సాయంత్రం ఆపడానికి అది కుదరదు. ఆపిన ప్రతిసారీ వేడి పోతుంది, గొట్టాల అతుకులు (ఫ్లాంజీలు) వదులవుతాయి, ఉత్ప్రేరకం అరుగుతుంది. కాబట్టి రాత్రికి హైడ్రోజన్ అయినా నిల్వ ఉండాలి, కరెంటైనా నిల్వ ఉండాలి.

పాణ్యం_కొండ
కరెంటు నిల్వ అన్నారు కాబట్టి మా వైపు మాట చెప్తాను. మాది నంద్యాల జిల్లా. పిన్నాపురంలో కొండమీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, ఎండ ఉన్నప్పుడు నీళ్లు పైకెత్తి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు 1,680 మెగావాట్లతో ఉంది. కాకినాడ ప్లాంటు రాత్రి నడవడానికి ఇలాంటివే ఆధారం.

1,000 కోట్ల యూనిట్లు ఎండ నుంచే తీయాలంటే మెగావాట్‌కు ఏటా 20 లక్షల యూనిట్లు వేసుకున్నా 5,000 మెగావాట్లు కావాలి. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు. 20, 25 వేల ఎకరాలన్నమాట. గాలిమరలు కలిస్తే కొంత తగ్గుతుంది. ఆ భూమి డెల్టాలో దొరకదు, మా రాయలసీమలోనే. ఫ్యాక్టరీ ఉద్యోగాలు, పోర్టు ఆదాయం మీకు. గొర్రెలు మేసే బీళ్లకు కంచెలు మాకు. ప్రాజెక్టు వద్దనడం లేదండి. పట్టా ఉన్న పొలానికి కౌలు వస్తుంది, పట్టా లేని మేత భూమి పోయినవాడికి ఏమీ రాదు. డెల్టావాళ్లు మీ నీళ్ల గురించి అడిగేటప్పుడు మా భూమి గురించి కూడా ఒక మాట అడగండి.

కరప_రైతు
తప్పకుండా అడుగుతామండి. మీరు చెప్పేదాకా ఆ వైపు ఆలోచన రాలేదు.

కొవ్వూరు_సెల్‌హౌస్
అందరూ ఎలక్ట్రోలైజర్ అంటే ఎక్కడో విదేశాల్లోంచి దిగే కొత్త వస్తువులా మాట్లాడుతున్నారు. గోదావరి గట్టు మీద కొవ్వూరులో, ఆ దగ్గర్లోని సగ్గొండలో కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలు ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. ఉప్పునీటిలోంచి డీసీ కరెంటు పంపుతాం. ఒకవైపు క్లోరిన్, ఒకవైపు కాస్టిక్, దానితోపాటు హైడ్రోజన్. టన్ను కాస్టిక్‌కు 25 కిలోల హైడ్రోజన్ ఊరికే వస్తుంది.

ఈ పని జరిగే హాలును సెల్‌హౌస్ అంటాం. దాని లోపలికి వాచీ పెట్టుకుని రానివ్వరు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లను గుమ్మం కూడా దాటనివ్వరు. బస్‌బార్లలో (కరెంటు మోసే లావుపాటి లోహపు పట్టీల్లో) అంత కరెంటు పారుతుంటే జేబులో తాళాలు ఒక పక్కకి లాగుతున్నట్టు తెలుస్తుంది. సెల్‌లోంచి హైడ్రోజన్ వేడిగా, తడిగా వస్తుంది. కడిగి, చల్లబరిచి, కొంత ఆమ్లం తయారీకి, కొంత సిలిండర్లకు, మిగిలింది బాయిలర్‌కు పంపడం ఈ పరిశ్రమలో మామూలు.

మాలాంటి ఫ్యాక్టరీల్లో టన్ను కాస్టిక్‌కు 2,200 నుంచి 2,500 యూనిట్లు పడుతుంది. ఖర్చులో పెద్ద ముక్క కరెంటే. ఇక్కడ బొగ్గు కరెంటు తీసి ఎండ కరెంటు పెట్టడానికి కొత్త యంత్రం ఒక్కటి కూడా అక్కర్లేదు, తీగ చివర కరెంటు మారితే చాలు. 2025 అక్టోబరులో కేంద్రం సిమెంట్, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ (మా కాస్టిక్ లాంటివి), కాగితం పరిశ్రమల్లో 282 ఫ్యాక్టరీలకు టన్ను సరుకుకు ఇంత పొగే ఉండాలని లక్ష్యాలు పెట్టింది. తగ్గించినవాళ్లకు క్రెడిట్లు, తగ్గించనివాళ్లు కొనుక్కోవాలి. ఆ నాలుగింటిలో కాస్టిక్, కాగితం రెండూ మన గోదావరి ఒడ్డునే ఉన్నాయి. పేపర్లలో అమ్మోనియా తప్ప వీటి ఊసే కనపడదు.

సబ్‌స్టేషన్_డ్యూటీ
సెల్‌హౌస్ అన్న చెప్పింది చాలా ముఖ్యం. దాన్ని అంకెల్లో పెడతాను.

ఒక యూనిట్ ఎండ కరెంటు ఉందనుకోండి. దాన్ని కాస్టిక్ ఫ్యాక్టరీకో, భీమవరం రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంటుకో ఇచ్చి గ్రిడ్ కరెంటు ఆపితే 0.7 కిలోల పొగ తగ్గుతుంది. అదే యూనిట్‌తో హైడ్రోజన్ చేసి, గ్యాస్ హైడ్రోజన్ బదులు అమ్మోనియాకు వాడితే తగ్గేది 0.2 కిలోల లోపే. అదే హైడ్రోజన్‌తో బొగ్గు బదులు ఖనిజం నుంచి ఇనుము తీయగలిగితే అర కిలోకు పైనే తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ తప్పేది బొగ్గు. మన దేశంలో టన్ను ఉక్కుకు సగటున 2.5 టన్నుల పొగ ఉంది. విశాఖలో ఉన్నవి బ్లాస్ట్ ఫర్నేసులు, వాటిలో కోక్ (బొగ్గును కాల్చి చేసేది) తీసేసి మొత్తం హైడ్రోజన్ పెట్టడం కుదరదు, వేరే రకం కొలిమి కావాలి. అది ఇప్పట్లో అయ్యేది కాదు.

అందుకే నా అభిప్రాయం: గ్రిడ్‌లో బొగ్గు ఇంత ఉన్నంతకాలం నేరుగా వాడగలిగినచోట నేరుగా వాడడమే మొదటి పని.

రిఫార్మర్_షిఫ్ట్
అంకె కాదనను, కానీ దాన్నుంచి తీసిన అభిప్రాయం పూర్తిగా ఒప్పుకోను తమ్ముడూ. గ్రిడ్ శుభ్రపడేదాకా ఆగి అప్పుడు అమ్మోనియా మొదలుపెడదామంటే కుదరదు. ఎలక్ట్రోలైజర్ నడపడం, రాత్రి లోడు తగ్గించి కన్వర్టర్ చల్లారకుండా కాపాడుకోవడం, తడి హైడ్రోజన్‌ను ఎండబెట్టడం, ఇవన్నీ చేసి నేర్చుకోవాల్సినవి. పైగా మధ్యాహ్నం పన్నెండు గంటలకు సోలార్ ఎక్కువైందని ఆపేయమంటున్న రోజులున్నాయి కదా, నువ్వే చెప్పాలి. ఆ పారబోసే కరెంటు ఎలక్ట్రోలైజర్‌కి వెళ్తే ఎవరికీ నష్టం లేదు.

సబ్‌స్టేషన్_డ్యూటీ
అవునండి, మధ్యాహ్నం మిగులు నిజమే. అది వాడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ మిగులు మీద మాత్రమే నడిస్తే ఎలక్ట్రోలైజర్ రోజుకు కొన్ని గంటలే నడుస్తుంది, అన్ని వేల కోట్లు పెట్టినవాళ్లు అలా ఖాళీగా ఉంచరు. అందుకే ఆ ప్లాంటు కోసం కొత్తగా కట్టిన ఎండ, గాలి, నిల్వ ఎంతో, గంట గంటకీ అందులోంచి వచ్చింది ఎంతో బయటపెట్టాలి అంటున్నాను. ఉన్న సోలార్‌ను ఒకరి దగ్గరనుంచి తీసి ఇంకొకరికి రాసిస్తే మొత్తం మీద తగ్గింది ఏమీ ఉండదు.

మండపేట_ఊక
రైస్‌మిల్లు వాళ్లం. మా బాయిలర్‌లో బొగ్గెప్పుడూ లేదు, ఊకే. వడ్ల బరువులో ఐదో వంతు ఊక. ఉప్పుడు బియ్యానికి ఆవిరి అంతా దానితోనే. రాజమండ్రి కాగితం మిల్లులో కూడా కర్ర ఉడకబెట్టాక మిగిలే నల్లటి ద్రవాన్ని బాయిలర్‌లో మండించి ఆవిరి, కరెంటు తీసుకుంటారు. వేడి కావాల్సిన చోట పంట చెత్తే వాడుకోవచ్చు, కరెంటుతో నీళ్లు కాచాల్సిన పని లేదు. ఒక్క మాట, పొగ తగ్గించాలని ఫ్యాక్టరీలన్నీ ఊక మీద పడితే చిన్న మిల్లులకు, ఇటుక బట్టీలకు దొరకదు. అది కూడా చూసుకోండి.

ఉప్పాడ_వల
సముద్రం గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి రాస్తున్నాను. నీళ్లు కాలువలోంచి వద్దంటే సముద్రంలోంచి తీస్తారు. తీస్తే తియ్యండి. కానీ ఉప్పు తీసేశాక మిగిలే చిక్కటి ఉప్పునీళ్లు మళ్లీ మా మీదకే వదులుతారు. ఎక్కడ వదులుతారు? హోప్ ఐలాండ్ లోపలి కాకినాడ అఖాతంలో నీరు అసలే నెమ్మదిగా కదులుతుంది. అటు కోరింగ మడ అడవులు, అక్కడే రొయ్య, పీత, చేప పిల్లలు పెరుగుతాయి. మడ పోతే తుఫాను రోజు మాకు అడ్డం ఏమీ ఉండదు.

ఇంకోటి. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర పెద్ద ట్యాంకుల్లో ఉంచుతారు. లీకైతే గాలి ఎటు వీస్తే అటు ఊళ్లు. సైరన్ మోగితే గాలికి అడ్డంగా పరుగెత్తాలని, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలని మా వీధిలో ఎంతమందికి తెలుసు? ఫ్యాక్టరీ లోపల మాక్‌డ్రిల్ చేస్తే చాలదు, మా ఊళ్లో చేయాలి.

లాకు_గట్టు
ఉప్పాడ తమ్ముడు చెప్పింది చూశాక సముద్రపు నీటి లెక్క కూడా వేశాను. ఉప్పు తీయడానికి ఘనపు మీటరుకు 3, 4 యూనిట్లు. నాలుగు రెట్ల నీళ్లు, 64 లక్షల ఘనపు మీటర్లు తీసినా రెండున్నర కోట్ల యూనిట్లు. మొత్తం 1,000 కోట్లలో అది పావు శాతం. అంటే సముద్రం ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీ దాళ్వా నీళ్లు అడగడానికి ఖర్చు ఒక సాకు కాదు. ఇక ఉప్పునీళ్లు అఖాతంలో కాకుండా లోతు నీటిలోకి పైపు వేసి, నాలుగైదు చోట్ల పలచగా వదలాలి. ఆ ఖర్చు కూడా వాళ్లే పెట్టుకోవాలి.

డిప్లొమా_మూడో_ఏడు
నేను కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాను. మాలాంటివాళ్లకు అందులో పని ఉంటుందా? ఏం నేర్చుకోవాలి?

కొవ్వూరు_సెల్‌హౌస్
ఉంటుంది బాబూ. రెక్టిఫైర్, డీసీ సిస్టమ్స్ బాగా నేర్చుకో. మన డిప్లొమాలో ఏసీ మోటార్ల మీదే ఎక్కువ దృష్టి పెడతారు. హైడ్రోజన్ ఉన్నచోట వాడే ఫ్లేమ్‌ప్రూఫ్ పరికరాలు, ఎర్తింగ్, గ్యాస్ డిటెక్టర్ల క్యాలిబ్రేషన్ తెలిసినవాళ్లకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. హైడ్రోజన్ మంట పగలు కంటికి కనిపించదు, అది మాత్రం మొదటిరోజే గుర్తుపెట్టుకో. వీలైతే అప్రెంటిస్‌గా ఏ కాస్టిక్ ఫ్యాక్టరీలోనైనా చేరు. కట్టడం అయ్యేవరకు వేలమంది కావాలి, నడిపేటప్పుడు కొన్ని వందలమందే. అందుకే ఇప్పుడే చేరి పనిలో చెయ్యి తిరిగేలా చేసుకోవాలి.

కరప_రైతు
అందరికీ రుణపడి ఉన్నానండి. వచ్చే వారం మా నీటి సంఘం మీటింగు ఉంది. అక్కడ తీర్మానం చేసి కలెక్టరు గారికి ఇద్దామనుకుంటున్నాం. ఇలా రాశాను, సరిచేయండి:

"కాకినాడలో వచ్చే గ్రీన్ హైడ్రోజన్, అమ్మోనియా పరిశ్రమలను మేము స్వాగతిస్తున్నాం. డిసెంబరు నుంచి మే నెలాఖరు దాకా డెల్టా కాలువల నుంచి వాటికి నీరు ఇవ్వకూడదు, సముద్రపు నీరు వాడాలి. వదిలే ఉప్పునీరు కాకినాడ అఖాతంలోకి, మడ అడవుల వైపు రాకూడదు. చుట్టుపక్కల ఊళ్లలో ఏటా రెండుసార్లు ప్రజలతో అమ్మోనియా లీకు డ్రిల్ జరపాలి. సీమలో మేత భూములు పోయినవారికి పట్టా ఉన్నా లేకున్నా పరిహారం ఇవ్వాలి. తయారైన అమ్మోనియాలో కొంత భాగం ఇక్కడి డీఏపీకి ఇవ్వాలి."

రిఫార్మర్_షిఫ్ట్
బాగుంది. చివరి వాక్యంలో కొంత భాగం అంటే రేపు ఒక్క ట్యాంకరు ఇచ్చి సరిపెడతారు. యూరప్ కొనుగోలుదారులతో ఒప్పందాలు ముందే అయిపోతున్నాయి. ఎంత శాతమో అంకె వేయండి.

సబ్‌స్టేషన్_డ్యూటీ
కరెంటు వాక్యం లేదు బాబాయ్, అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా కార్బన్ తగ్గినట్టు కాదు. ఇది చేర్చండి: "ప్లాంటు ప్రతి గంటకూ వాడిన విద్యుత్తు ఎంత, అదే గంటలో దాని కోసం కట్టిన సౌర, పవన, నిల్వ కేంద్రాల నుంచి వచ్చింది ఎంత, గ్రిడ్ నుంచి తీసుకున్నది ఎంత అన్న వివరాలు నెలనెలా తెలుగులో ప్రజలకు చూపాలి."

కొవ్వూరు_సెల్‌హౌస్
దాని కిందే ఇంకో ముక్క: ఇప్పుడున్న కాస్టిక్, కాగితం, ఫ్రీజింగ్ ఫ్యాక్టరీలు ఎండ కరెంటు కొనుక్కోవడానికి లైన్లలో చోటు ముందు ఇవ్వాలి. కొత్త ప్లాంటుకే లైన్లన్నీ రాసిస్తే మేము ఇంకా పదేళ్లు బొగ్గు కరెంటు మీదే ఉండాలి.

కరప_రైతు
రెండూ చేర్చానండి. డీఏపీకి పాతిక శాతం అని వేశాను. మీటింగులో ఎవరైనా అంకెల గురించి అడిగితే ఈ పేజీయే ఫోన్లో చూపిస్తాను. ఉప్పాడ, కాజులూరు వాళ్లు కూడా సంతకాలు పెడతామంటే నాకు మెసేజ్ చేయండి, శనివారం లోపు.

ఉప్పాడ_వల
మావాళ్లు పెడతారు. వేట నుంచి పొద్దున్న పదికల్లా ఒడ్డుకు వస్తారు, ఆ తర్వాత రండి.